పెరటి ఆపిల్ పండ్లతో సైడర్: చెట్టు నుంచి సీసా దాకా

పెరట్లో ఆపిల్ చెట్టు ఉన్నవారికి ఏటా ఒకే చిక్కు. నెలల తరబడి ఊరించిన చెట్టు రెండు మూడు వారాల్లో ఒక్కసారిగా పండిపోతుంది. తినగలిగినన్ని తిని, పంచగలిగినన్ని పంచి, జామ్ వండి సీసాలకెత్తినా ఇంకా బుట్టలు మిగులుతాయి. ఆ మిగిలిన పండ్లను సైడర్‌గా మార్చడం కంటే మంచి ఉపయోగం నాకు ఇంతవరకు కనిపించలేదు. మచ్చలున్నవి, వంకరగా పెరిగినవి, చిన్నవి, అంగట్లో ఎవరూ ముట్టనివి అన్నీ ఇందులో పనికొస్తాయి.

ముందుగా పేరు గురించి ఒక మాట. ఉత్తర అమెరికాలో వడకట్టని తాజా ఆపిల్ రసాన్ని కూడా సైడర్ అనే పిలుస్తారు. పులిసినదాన్ని అక్కడ హార్డ్ సైడర్ అంటారు. బ్రిటన్‌లో సైడర్ అంటే పులిసిన పానీయమే. ఈ మార్గదర్శి చెప్పేది ఆ పులిసిన సైడర్ గురించి. ఇందులో సాధారణంగా 5 నుంచి 7 శాతం ఆల్కహాల్ ఉంటుంది. ఇంట్లో ఇలాంటి పానీయం తయారు చేసుకోవడానికి కొన్ని దేశాల్లో అనుమతి ఉంది, కొన్నిచోట్ల లేదు. మీరు ఉన్న చోటి చట్టం తెలుసుకున్నాకే పని మొదలుపెట్టండి.

సైడర్ చాలా పొరపాట్లను క్షమిస్తుంది. పండ్ల పాళ్లు కాస్త అటూ ఇటూ అయినా, చక్కెరను తిని ఆల్కహాల్‌గా మార్చే ఈస్టు రకం మారినా తాగదగినదే తయారవుతుంది. తొందరను మాత్రం రెండు చోట్ల క్షమించదు. పండు మాగకముందే రసం పిండటం మొదటిది. పులియడం ముగియకముందే సీసాల్లో నింపడం రెండవది. మొదటి తొందరకు రుచి పోతుంది. రెండవ తొందరకు సీసా పేలుతుంది. అందుకే ఈ రెండింటి గురించి మిగతావాటి కంటే ఎక్కువ చెబుతాను.

సమకూర్చుకోవలసినవి

5 లీటర్ల సైడర్‌కు లెక్క చెబుతాను. తొలిసారి చేసేవారికి ఈ కొలత చాలు. పాడైనా పెద్ద నష్టం ఉండదు, బాగా వస్తే మరుసటి ఏడాది పెంచుకోవచ్చు.

పండ్లు 10 కిలోలు కావాలి. చిన్న పిండుడు యంత్రంతో వీటి నుంచి 5 నుంచి 6 లీటర్ల రసం వస్తుంది. చేత్తో గుడ్డలో వేసి పిండితే అంత రాదు కాబట్టి ఇంకో నాలుగు కిలోలు కలుపుకోండి. 5 లీటర్ల గాజు జాడీలు రెండు, వాటి మూతికి సరిపడే రబ్బరు బిరడా, ఎయిర్‌లాక్ ఉండాలి. ఎయిర్‌లాక్ అంటే లోపలి వాయువును బయటికి వదులుతూ, బయటి గాలిని లోపలికి రానివ్వని చిన్న నీటి కవాటం. వీటితోపాటు పై పాత్రలోని ద్రవాన్ని కింది పాత్రలోకి లాగే సైఫన్ గొట్టం, హైడ్రోమీటర్, రసం పులుపును కొలిచే పీహెచ్ పట్టీలు, సన్నని నైలాన్ జాలీ సంచి, ఒక ప్యాకెట్ సైడర్ ఈస్టు లేదా వైన్ ఈస్టు తెచ్చుకోవాలి.

వీటిలో దేన్నయినా మానుకోవచ్చు గానీ హైడ్రోమీటర్‌ను మాత్రం మానుకోకండి. నీటిలో తేలే ఈ చిన్న గాజు పుల్ల లేకపోతే రసంలో ఎంత చక్కెర ఉందో, అందులో ఎంత పులిసిందో, ఎంత మిగిలిందో చెప్పే దారి ఇంట్లో మరొకటి లేదు.

పాత్రల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఆపిల్ రసం పుల్లనిది, లోహాలను కొరుకుతుంది. ఇనుము తగిలితే అది వగరుతో కలిసి రసాన్ని నల్లబరుస్తుంది. రాగి, అల్యూమినియం పాత్రలు కూడా వద్దు. స్టెయిన్‌లెస్ స్టీలు, గాజు, ఆహార పదార్థాలకు వాడే ప్లాస్టిక్ మంచివి. రసం తగిలే ప్రతి వస్తువునూ ముందు సబ్బుతో కడిగి, ఆపైన క్రిములను చంపే ద్రావణంలో ముంచి తీయాలి. మురికిగా ఉన్న పాత్రను ఏ ద్రావణమూ శుద్ధి చేయలేదు. అందుకే కడగడం ముందు, ముంచడం తరువాత.

ఏ పండ్లు, ఎంత పాలు

సైడర్ కోసమే పెంచే చెట్లను ఇంగ్లండ్‌లో 20వ శతాబ్దం మొదట్లో లాంగ్ ఆష్టన్ పరిశోధన కేంద్రం నాలుగు తరగతులుగా విభజించింది. తీపివి, పుల్లనివి, తీపి వగరువి, పులుపు వగరువి. కొలమానాలు రెండే. రసంలో ఆమ్లం 0.45 శాతం దాటితే పుల్లనిది, వగరునిచ్చే టానిన్ 0.2 శాతం దాటితే వగరుది. కింగ్‌స్టన్ బ్లాక్, డాబినెట్ వంటి పేరున్న సైడర్ రకాలు వగరు తరగతులకు చెందినవి. వాటిని కొరికి తింటే నోరు పిడచగట్టుకుపోతుంది. అదే వగరు సైడర్‌కు బిగువునిస్తుంది.

పెరటి చెట్లు సాధారణంగా తినే రకాలే. వాటిలో తీపి ఉంటుంది, కొంత పులుపు ఉంటుంది, వగరు దాదాపు ఉండదు. అచ్చంగా గాలా, ఫ్యూజీ, గోల్డెన్ డెలీషస్ లాంటి తీపి పండ్లతో చేస్తే సైడర్ చప్పగా, పలుచగా వస్తుంది. ఎందుకంటే పులిసినప్పుడు తీపి అంతా పోతుంది. తీపి వెనుక దాక్కున్న రుచి ఏదీ లేకపోతే మిగిలేది ఆల్కహాల్ కలిసిన నీళ్లే. అందువల్ల నేను ఎప్పుడూ పాటించే పాళ్లు ఇవి: తీపి పండ్లు సగానికి కాస్త ఎక్కువ, గ్రానీ స్మిత్, బ్రామ్లీ వంటి పుల్లనివి మూడోవంతు, మిగిలిన పదో వంతు క్రాబ్ ఆపిల్ అనే చిట్టి పండ్లు. క్రాబ్ ఆపిల్‌లో పులుపు, వగరు రెండూ గాఢంగా ఉంటాయి. పదో వంతు కలిపినా పానీయం స్వభావమే మారిపోతుంది. అవి దొరకకపోతే 5 లీటర్ల రసానికి ఒక కప్పు చిక్కటి నల్ల టీ కలపండి. టీలో ఉన్నదీ టానినే. అది క్రాబ్ ఆపిల్‌కు సాటి రాదు గానీ చప్పదనాన్ని కొంత తగ్గిస్తుంది.

పెరట్లో ఒకే చెట్టు ఉన్నవారు నిరాశపడనక్కరలేదు. ఇరుగుపొరుగు వారితో పండ్లు మార్చుకోండి. ఏ రకమో పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఒక ముక్క కొరికితే నాలుకే చెబుతుంది.

రాలిన పండ్ల సంగతి. దెబ్బ తగిలిన పండును ఆ భాగం కోసివేసి వాడుకోవచ్చు. కుళ్లిన పండును వాడకూడదు, కుళ్లిన భాగం తీసేసి కూడా వాడకూడదు. కుళ్లిన ఆపిల్‌లో పెరిగే నీలి బూజు పాట్యులిన్ అనే విషపదార్థాన్ని తయారు చేస్తుంది, అది కుళ్లు కనిపించే చోటు దాటి లోపలికీ పాకుతుంది. పులిసేటప్పుడు అది చాలావరకు విచ్ఛిన్నమవుతుంది, అయినా దానిమీద భరోసా పెట్టుకోవద్దు. పశువులు, కోళ్లు తిరిగే నేల మీద రాలిన పండ్లను కూడా పక్కన పెట్టండి. ముఖ్యంగా రసంలో కొంత పచ్చిగానే తాగాలనుకుంటే పేడలోని ఈ. కోలై క్రిముల ప్రమాదం నిజమైనదే. పిల్లలు, గర్భిణులు, వృద్ధులు తాగేదైతే తాజా రసాన్ని మరిగించి చల్లార్చి ఇవ్వడమే క్షేమం.

మాగవేయడం: మొదటి ఓర్పు

కోసిన రోజునే పిండకండి. చెట్టు మీద పండినట్టు కనిపించే ఆపిల్‌లో ఇంకా పిండి పదార్థం మిగిలి ఉంటుంది. ఈస్టు ఆ పిండిని తినలేదు, దానికి చక్కెర కావాలి. కోశాక పండు తనంతట తానే ఆ పిండిని చక్కెరగా మార్చుకుంటుంది. అందుకు దానికి ఒకటి నుంచి మూడు వారాలు సమయమివ్వాలి.

చల్లగా, గాలి ఆడే చోట, వాన తగలకుండా పెట్టెల్లో పరచండి. ఒకదానిపై ఒకటి ఎత్తుగా పోయవద్దు. రెండు మూడు రోజులకొకసారి చూసి, కుళ్లుతున్నవాటిని ఏరివేయండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే చర్మం కింద మెత్తగా సొట్టపడాలి, వాసన గదంతా కమ్ముకోవాలి. కోసి చూస్తే గింజలు గోధుమ రంగులో ఉండాలి. అనుమానముంటే కోసిన ముక్క మీద చుక్క అయోడిన్ వేయండి. నీలి నలుపుకు తిరిగితే అక్కడ ఇంకా పిండి ఉన్నట్టు. రంగు మారకపోతే పండు సిద్ధం.

ఈ వారాల్లో కొంత నీరు కూడా ఆవిరై రసం చిక్కబడుతుంది. ఒకే చెట్టు పండ్లను సగం కోసిన నాడే, సగం రెండు వారాలు ఆగి పిండి చూశాను. రెండవదాని రసం హైడ్రోమీటర్‌లో స్పష్టంగా ఎక్కువ చూపింది. దాని సువాసన సైడర్ అయ్యాక కూడా నిలిచింది. మొదటిది పచ్చి వాసనతోనే ముగిసింది. ఆ తరువాత ఎన్నడూ ఈ మెట్టు దాటవేయలేదు.

మరీ మాగిన పండుతో మరో చిక్కు ఉంది. గుజ్జు పిండిలా అయిపోతుంది, పిండితే రసం బదులు పేస్టు వస్తుంది. నొక్కితే సొట్టపడాలి గానీ వేలు లోపలికి దిగకూడదు.

కడగడం, నలగగొట్టడం, పిండటం

తొట్టిలో నీళ్లు పోసి పండ్లు వేయండి. ఆపిల్ పరిమాణంలో దాదాపు పావు వంతు గాలే కాబట్టి అవి తేలుతాయి. మట్టి అడుగుకు చేరుతుంది. చేత్తో తిప్పి, తేలిన పండ్లను తీసుకోండి. తొక్క, తొడిమె తీయనక్కరలేదు.

ఆపిల్‌ను ముక్కలు చేసి పిండితే రసం రాదు. కణాలు చితికితేనే వస్తుంది. అందుకే ముందు నలగగొట్టాలి. చేత్తో తిప్పే మర ఉంటే చాలా సులువు. లేకపోతే శుభ్రమైన బకెట్‌లో వేసి గట్టి కొయ్య దుంగతో దంచవచ్చు. ఇది చేతులు నొప్పెట్టే పని. ఫుడ్ ప్రాసెసర్‌లో తురమవచ్చు, అయితే గింజలు నలగకుండా మధ్య భాగం కోసివేయండి. గింజల్లో అమిగ్డలిన్ అనే చేదు పదార్థం ఉంటుంది, నలిగితే అది సయనైడ్‌ను విడుదల చేస్తుంది. మరలో గింజలు సాధారణంగా పగలవు కాబట్టి అక్కడ ఆ బెంగ లేదు.

యంత్రమేదీ లేనివారికి నేను మనసారా సిఫారసు చేసే పద్ధతి ఒకటుంది. పండ్లను ముక్కలు కోసి ఫ్రీజర్‌లో రాత్రంతా గడ్డకట్టించి, బయటపెట్టి కరగనివ్వండి. లోపలి నీరు మంచుగా మారి ఉబ్బినప్పుడు కణాల గోడలు పగులుతాయి. కరిగాక ముక్కలు స్పాంజిలా మెత్తబడి, చేత్తో పిండినా రసం ధారగా కారుతుంది. చిన్న కొలతలకు ఇంతకంటే సులువైన దారి లేదు.

నలిగిన గుజ్జు నిమిషాల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది. కంగారు పడవద్దు, పులిసేటప్పుడు ఆ రంగు చాలావరకు విరుగుతుంది. గుజ్జును కొన్ని గంటలు అలాగే ఉంచితే రంగు, మృదుత్వం పెరుగుతాయి. కొందరు సైడర్ తయారీదారులు కావాలనే అలా ఉంచుతారు. తరువాత గుజ్జును జాలీ సంచిలో వేసి పిండుడు యంత్రంలో పెట్టి నెమ్మదిగా బిగించండి. ఒక్కసారిగా బిగిస్తే సంచి చిరుగుతుంది. కాస్త బిగించి, ధార తగ్గేదాకా ఆగి, మళ్లీ బిగించాలి. మిగిలిన పిప్పిని ఎరువు గుంతలో వేయవచ్చు.

రసాన్ని కొలవడం

పిండిన రసాన్ని ముందు ఒక గుక్క రుచి చూడండి. తీపి ఎంత, పులుపు ఎంత, నోరు ఎంత పట్టేసింది? ఆ మూడూ పుస్తకంలో రాసుకున్నాక పరికరం తీయండి.

పొడవాటి గాజు గొట్టంలో రసం పోసి హైడ్రోమీటర్ వదలండి. బుడగలు అంటుకోకుండా ఒకసారి గుండ్రంగా తిప్పండి. ద్రవం తాకే చోట కనిపించే అంకె సాంద్రత. నీటికి 1.000. మాగిన ఆపిల్ రసానికి సాధారణంగా 1.045 నుంచి 1.055 మధ్య వస్తుంది. చాలా హైడ్రోమీటర్లు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సరిచేసినవి. రసం మరీ చల్లగా లేదా వెచ్చగా ఉంటే అంకె తప్పుతుంది.

చివరికి ఎంత ఆల్కహాల్ వస్తుందో ఇప్పుడే లెక్కకట్టవచ్చు. మొదటి సాంద్రతలోంచి ఆఖరి సాంద్రత తీసివేసి 131తో గుణించాలి. 1.050 దగ్గర మొదలై 1.000 దగ్గర ఆగితే 0.050 గుణించు 131, అంటే సుమారు 6.5 శాతం. అంకె 1.045 కంటే తక్కువగా ఉంటే సైడర్ నిలవ ఉండటం కష్టం. అప్పుడు చక్కెర కలపండి. లీటరుకు 13 గ్రాములు కలిపితే సాంద్రత సుమారు 0.005 పెరుగుతుంది. 1.055 దాటేలా కలపడం నాకు ఇష్టముండదు. ఆల్కహాల్ పెరిగేకొద్దీ పండు రుచి కిందికి జారిపోతుంది.

తరువాత పీహెచ్. ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. 3.2 నుంచి 3.8 మధ్య ఉండాలి. 3.8 దాటితే క్రిములకు అది అనుకూలమైన చోటు. పుల్లని పండ్ల రసం కలపడం మొదటి మార్గం. అది లేకపోతే మాలిక్ ఆమ్లం లీటరుకు ఒక గ్రాము చొప్పున కలిపి, మళ్లీ కొలిచి, అవసరమైతే మరికొంత కలపాలి. ఆపిల్ పులుపుకు మూలం ఈ ఆమ్లమే. దీన్ని 1785లో ఆపిల్ రసం నుంచే వేరు చేసిన రసాయన శాస్త్రవేత్త కార్ల్ షీలే. పేరు కూడా ఆపిల్‌కు లాటిన్ మాటైన మాలుమ్ నుంచి వచ్చింది.

సల్ఫైట్ వాడాలా?

పండు తొక్క మీద, మర మీద రకరకాల అడవి ఈస్టులు, బ్యాక్టీరియా ఉంటాయి. వాటినే పులియబెట్టనిచ్చే పాత పద్ధతి ఉంది. మంచిగా కుదిరితే దాని రుచి లోతు వేరు. కుదరకపోతే జాడీ మొత్తం పారబోయాలి. తొలిసారి చేసేవారు ఈ క్రిములను అణచే సల్ఫైట్ పొడి వాడి, ప్యాకెట్ ఈస్టు వేయడమే మంచిదని నా అభిప్రాయం. అనుభవం వచ్చాక ఒక జాడీని అడవి ఈస్టుకు వదిలి చూడవచ్చు.

10 గ్రాముల సోడియం లేదా పొటాషియం మెటాబైసల్ఫైట్‌ను 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగించండి. ఈ ద్రావణం లీటరు రసానికి ఎంత పోయాలో పీహెచ్ నిర్ణయిస్తుంది. 3.3 లోపు ఉంటే 1 మిల్లీలీటరు, 3.3 నుంచి 3.5 దాకా 2, 3.5 నుంచి 3.8 దాకా 3. పులుపు తగ్గేకొద్దీ సల్ఫైట్ బలం తగ్గుతుంది కాబట్టే మోతాదు పెరుగుతుంది. కలిపేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి, ఆవిరి పీల్చవద్దు. ఉబ్బసం ఉన్నవారికి సల్ఫైట్ పడకపోవచ్చు. అలాంటివారు తాగేదైతే ముందే చెప్పాలి.

సల్ఫైట్ వేసిన 12 గంటలకు పెక్టిన్ ఎంజైమ్‌ను ప్యాకెట్ మీద రాసిన మోతాదులో కలపండి. ఆపిల్‌లో జామ్‌ను గట్టిపరిచే పెక్టినే సైడర్‌లో మసకగా నిలుస్తుంది. ఈ ఎంజైమ్ దాన్ని విరగగొడుతుంది. మసక సైడర్ ఇష్టమైనవారు ఈ మెట్టు మానుకోవచ్చు.

ఈస్టు వేసే రోజు

సల్ఫైట్ వేసి 24 గంటలు పూర్తయ్యాక ఈస్టు వేయాలి. ముందే వేస్తే ఈస్టు కూడా దెబ్బతింటుంది. 35 నుంచి 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు పావు కప్పు తీసుకుని, ఈస్టు చల్లి, 15 నిమిషాలు కదపకుండా ఉంచండి. 5 గ్రాముల ప్యాకెట్ సాధారణంగా 20 లీటర్లకు పైగా సరిపోతుంది కాబట్టి 5 లీటర్లకు సగం చాలు. షాంపేన్ ఈస్టు నమ్మకమైనది, చక్కెరను పూర్తిగా తినేస్తుంది. సైడర్ ఈస్టులు పండు సువాసనను కాస్త ఎక్కువగా నిలుపుతాయని నాకు అనిపిస్తుంది.

ఆపిల్ రసంలో నత్రజని తక్కువ. ఎరువు వేయని పాత చెట్ల పండ్లలో ఇంకా తక్కువ. ఆకలితో ఉన్న ఈస్టు కుళ్లిన గుడ్ల వాసన వదులుతుంది. ఈస్టు పోషకాన్ని ప్యాకెట్ మీది మోతాదులో ఇప్పుడే కలిపితే ఆ బాధ తప్పుతుంది.

ఈస్టు కలిపే ముందు రసాన్ని బాగా గిలకొట్టండి. పెరిగే దశలో ఈస్టుకు గాలి కావాలి. ఇక్కడి నుంచి చివరిదాకా గాలి శత్రువే, మేలు చేసేది ఈ ఒక్కసారే. జాడీని నాలుగింట మూడు వంతులే నింపి, మిగతా రసాన్ని ఫ్రిజ్‌లో దాచండి. నురుగు పొంగుతుంది కాబట్టి మొదటి రోజుల్లో ఖాళీ చోటు అవసరం.

పులిసే వారాలు

ఒకటి రెండు రోజుల్లో ఎయిర్‌లాక్‌లో బుడగలు మొదలవుతాయి. గోధుమ రంగు నురుగు మెడదాకా ఎగదన్నుతుంది. వారం పది రోజుల్లో అది అణగాక, పక్కలు తుడిచి, దాచిన రసంతో జాడీని మెడ వరకు నింపండి. సైడర్ పైన గాలి ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. వెనిగర్ బ్యాక్టీరియాకు గాలి లేనిదే బతుకు లేదు.

ఉష్ణోగ్రత 12 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటే చాలా బాగుంటుంది. 25 దాటితే పని వేగంగా అవుతుంది గానీ, గొంతులో మండే ఘాటైన ఆల్కహాళ్లు పుడతాయి, సువాసన బుడగలతోపాటు ఎగిరిపోతుంది. చల్లని చోట నెమ్మదిగా, రెండు మూడు నెలలు పులిసినదాని రుచే వేరు. చిన్న గదిలో ఎక్కువ జాడీలు పెడితే తలుపు తీసి గాలి ఆడనివ్వండి. వెలువడే కార్బన్ డయాక్సైడ్ నేల మట్టాన పేరుకుంటుంది.

ఊరికే మూత తీసి చూడవద్దు. వారానికొకసారి సాంద్రత కొలిస్తే చాలు. కొలిచిన రసాన్ని తిరిగి జాడీలో పోయకుండా తాగి చూడండి. వారం వారం తీపి ఎలా తరుగుతుందో, రుచి ఎలా ఎండుతుందో తెలుసుకోవడానికి అదే మంచి అవకాశం.

అంకె 1.005 దగ్గరికి వచ్చాక సైఫన్ గొట్టంతో రెండో జాడీలోకి మార్చండి. గొట్టం చివర రెండో జాడీ అడుగుకు తాకాలి. చిమ్మకుండా, చప్పుడు చేయకుండా జారాలి. అడుగున చేరిన మడ్డిని కదపవద్దు. జాడీ నిండకపోతే తాజా రసం గానీ మరిగించి చల్లార్చిన నీళ్లు గానీ పోసి మెడ వరకు తీసుకురండి. ఇక అది తేటబడేదాకా చల్లని చోట ఒకటి నుంచి మూడు నెలలు వదిలేయాలి.

వాతావరణం వేడెక్కినప్పుడు ఆగిపోయిందనుకున్న జాడీలో మళ్లీ సన్నని బుడగలు కనిపించవచ్చు. మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చే బ్యాక్టీరియా పని అది. పులుపు మెత్తబడుతుంది. చాలా పుల్లని సైడర్‌కు ఇది మేలు చేస్తుంది. అప్పుడు కూడా అది ముగిసేదాకా సీసాలు తీయవద్దు.

సీసాల్లో నింపడం: రెండో ఓర్పు

నేను చేసిన రెండో ఏటి సైడర్‌లో మూడు సీసాలు ఒకే రాత్రి పేలాయి. బుడగలు ఆగాయి, ఇక ముగిసిందనుకుని సాంద్రత చూడకుండా నింపాను. చలికి ఈస్టు నిద్రపోయింది, అంతే. గది వెచ్చబడగానే లేచి మిగిలిన చక్కెరను తిన్నది. గాజు పెంకులు ఎదుటి గోడలో గుచ్చుకున్నాయి. పగలు అయి ఉంటే ఆ గదిలో పిల్లలు ఉండేవారు. ఆ భయం ఇప్పటికీ పోలేదు.

లెక్క చూస్తే ప్రమాదం అర్థమవుతుంది. సీసాలో పులిసే ప్రతి 4 గ్రాముల చక్కెర సుమారు 2 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. లీటరులో అది దాదాపు ఒక లీటరు వాయువు. 1.010 దగ్గర నింపితే లీటరుకు ఇంచుమించు 25 గ్రాముల చక్కెర ఇంకా మిగిలే ఉంటుంది. అది పూర్తిగా పులిస్తే షాంపేన్‌లో ఉండేంత వాయువు పుడుతుంది. షాంపేన్ సీసాను దానికి తగినంత మందంగా చేస్తారు. మామూలు సీసాలు తట్టుకోలేవు.

కాబట్టి నియమం ఇది: అంకె 1.000 లేదా అంతకంటే కిందికి రావాలి. రెండు వారాల తేడాతో రెండుసార్లు కొలిస్తే అదే అంకె కనిపించాలి. అంకె 1.000 పైన ఆగిపోతే వారం రోజులు వెచ్చని గదిలో పెట్టి చూడండి. క్యాలెండర్‌ను, బుడగలను నమ్మవద్దు.

బుడగలు లేని సైడర్ కావాలంటే తేటను నేరుగా సీసాల్లో నింపి బిగించవచ్చు. బుడగలు కావాలంటే లీటరుకు 5 గ్రాముల చక్కెర, అంటే 5 లీటర్లకు 25 గ్రాములు, కొద్దిగా నీటిలో మరిగించి చల్లార్చి శుభ్రమైన పాత్రలో పోయండి. దానిపై సైడర్‌ను సైఫన్ చేస్తే దానంతట అదే కలుస్తుంది. ఒక్కో సీసాలో చెంచాతో చక్కెర వేసే పద్ధతి వద్దు. ఒకదానిలో ఎక్కువ, ఒకదానిలో తక్కువ పడుతుంది.

సీసాలు బీరు సీసాలో, షాంపేన్ సీసాలో అయి ఉండాలి. బుడగలున్న పానీయానికి చేయని పలుచని సీసాలు ఎంత అందంగా ఉన్నా వాడకండి. మూతి నుంచి మూడు సెంటీమీటర్లు ఖాళీ వదలండి. ఒక్క సీసా మాత్రం సోడా అమ్మే ప్లాస్టిక్ సీసా పెట్టుకోండి. రెండు వారాలు వెచ్చగా ఉంచాక దాన్ని నొక్కి చూడండి. రాయిలా గట్టిపడితే మిగతా సీసాల్లోనూ బుడగలు వచ్చాయని అర్థం. అప్పుడు అన్నింటినీ చల్లని చోటికి మార్చండి. మొదటి నెలలో సీసాలను మూత ఉన్న పెట్టెలోనే ఉంచడం నేను మానను.

తీపి సైడర్ ఇష్టమైనవారికి సీసాలో తీపి నిలపడం కష్టమైన విద్య. ఇంట్లో సులువైన దారి ఒకటే. సైడర్‌ను పూర్తిగా పులియనిచ్చి, తాగేటప్పుడు గ్లాసులో కొంచెం ఆపిల్ రసం కలుపుకోవడం.

తేడా వస్తే

పైన తెల్లటి పొర కడితే గాలి చేరిందన్నమాట. పొర కింది నుంచి సైడర్‌ను సైఫన్ చేసి, 5 లీటర్లకు 5 మిల్లీలీటర్ల సల్ఫైట్ ద్రావణం కలిపి మెడ వరకు నింపండి. వెనిగర్ ఘాటు వస్తే వెనక్కి తీసుకురాలేరు. మిగతా జాడీలకు దూరంగా పెట్టి, జాడీ మూతికి గుడ్డ కట్టి, పూర్తి వెనిగర్‌గా మారనివ్వండి. అది వంటకు బాగుంటుంది. నూనెలా జిగటగా సాగితే అది కూడా బ్యాక్టీరియా పనే, హాని లేదు. గట్టిగా గిలకొట్టి జిగట విరిచి, సల్ఫైట్ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఒక విషయం నొక్కి చెప్పాలి. ఆల్కహాల్ పెంచుదామని సైడర్‌ను బట్టీ పెట్టవద్దు, అంటే మరిగించి ఆవిరిని చల్లార్చి సారా తీయవద్దు. చాలా దేశాల్లో అది నేరం. పెక్టిన్ విరిగినప్పుడు పుట్టే కొద్దిపాటి మిథనాల్ సైడర్‌లో హాని చేయదు, బట్టీ పెడితే గాఢమవుతుంది.

తాగేటప్పుడు

నింపిన రెండు నెలలకు మొదటి సీసా తీయవచ్చు. నాలుగు నెలలు ఆగితే పదును తగ్గి గుండ్రంగా అవుతుంది. ముందురోజే ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి, అడుగున చేరిన ఈస్టు గట్టిగా కూర్చుంటుంది. గ్లాసును వంచి, సీసాను మధ్యలో నిలపకుండా ఒకే ధారగా పోయండి. చివరి వేలెడు మడ్డిని సీసాలోనే వదలండి. ఆ మడ్డి ఏ హానీ చేయదు గానీ చేదుగా ఉంటుంది. ఏ చెట్టు పండ్లు, ఎన్ని రోజులు మాగాయి, ఏ అంకె దగ్గర మొదలై ఏ అంకె దగ్గర ఆగింది అన్నవి సీసా మీద చీటీగా అంటించండి. ఒక సీసాను మాత్రం తీయకుండా వచ్చే ఏడాది కోతల దాకా దాచండి. కొత్త రసం పిండిన రోజు రెండింటినీ పక్కపక్కన పోసి రుచి చూస్తే ఈసారి పుల్లని పండ్లు పెంచాలో తగ్గించాలో తేలిపోతుంది.